గ్యారంటీని ఉర్దూలో ఏమంటారు? జమానత్, జామిన్, కఫీల్ మాటల అర్థం, వాడుక

గ్యారంటీ అనే ఇంగ్లిష్ మాట మన ఇళ్లలో అందరి నోటా ఉన్నదే. మిక్సీ కొంటే "గ్యారంటీ ఎన్నేళ్లు?" అంటాం. దావత్‌కు పిలిస్తే "గ్యారంటీగా వస్తాం" అంటాం. ఉర్దూ నిఘంటువు తెరిస్తే దీనికి ముందుగా కనిపించే మాట 'జమానత్'. జమానత్ ఇచ్చే మనిషి 'జామిన్'.

ఈ రెండూ జ్వాద్ అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో రాసేటప్పుడు 'జ' తప్ప వేరే దారి లేదు కాబట్టి, కొందరు దీన్ని నేల అనే అర్థం ఉన్న జమీన్‌తో కలిపేస్తుంటారు. ఆ జమీన్ 'జే' అక్షరంతో రాస్తారు. జమీందారు వచ్చింది దాని నుంచే, జామిన్‌తో అతనికి ఏ చుట్టరికమూ లేదు. మన తెలుగు 'జామీను' మాత్రం ఈ జామినే. కాకపోతే తెలుగులోకి వచ్చాక అర్థం కొంచెం జరిగింది. ఉర్దూలో జామిన్ అంటే మనిషి, తెలుగులో జామీను అంటే పూచీ. మనిషిని చెప్పడానికి మనం 'దారు' తగిలించి జామీనుదారు చేసుకున్నాం.

అసలు ధాతువు అరబీది. జ్వాద్, మీమ్, నూన్. దీని నుంచే 'జిమ్న్' అనే మాట కూడా వచ్చింది. లోపల, పరిధిలో అని అర్థం. ఉర్దూ పత్రికల్లో "ఇస్ జిమ్న్ మే" అని రోజూ కనిపించేది అదే. అంటే జామిన్ అయినవాడు ఇంకొకరి బాకీని తన బాధ్యత లోపలికి తీసుకున్నవాడు. హనఫీ ఫిఖ్హ్‌లో కూడా ఇలాంటి పూచీని ఒకరి జిమ్మాకు ఇంకొకరి జిమ్మాను కలపడం అనే చెబుతారు.

మన ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. జామిన్‌ను మనం గవాహ్ అనుకుంటాం. నికాహ్‌లో సంతకం పెట్టే గవాహ్ "నేను చూశాను" అంటున్నాడు, అంతే. లోన్ ఫారం మీద సంతకం పెట్టే జామిన్ "అతను కట్టకపోతే నేను కడతాను" అంటున్నాడు. చూడటానికి రెండూ ఒకేలాంటి సంతకాలు.

మా మామూ ఒక స్నేహితుడి ఆటో లోన్‌కు ఇలాగే సంతకం పెట్టారు. ఫారం మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. అక్కడున్నవాళ్లు వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టేశారు. స్నేహితుడు ఏడు నెలలు కట్టి ఊరు వదిలి వెళ్లిపోయాడు. నోటీసు మామూ పేరు మీద వచ్చింది. "మై తో గవాహ్ థా నా బేటా?" అని నన్ను అడిగారు. నేనప్పుడు బీకాం రెండో సంవత్సరం. బిజినెస్ లా పుస్తకంలో ఆ చాప్టర్ చదివి పాసైపోయాను గానీ, మా ఇంట్లోనే అలాంటి కాగితం ఒకటి ఉందని నాకు తెలియదు. టైలరింగ్ షాపు ఆదాయంలోంచి మామూ రెండేళ్లు కొద్దికొద్దిగా కట్టారు.

ఆ చాప్టర్‌లో ఉన్నది 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్. సెక్షన్ 126 ప్రకారం గ్యారంటీలో ముగ్గురుంటారు. అప్పు తీసుకున్నవాడు ఉర్దూలో మక్‌రూజ్, ఇచ్చినవాడు కర్జ్‌ఖాహ్, మధ్యలో జామిన్. సెక్షన్ 128 చెప్పేది, వేరే ఒప్పందం లేకపోతే, మక్‌రూజ్ బాధ్యత ఎంతో జామిన్ బాధ్యతా అంతే. "ముందు అతన్ని అడగండి, ఆస్తి ఉంటే అమ్మండి, తర్వాత నా దగ్గరికి రండి" అనడానికి లేదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. ఆ అప్పు జామిన్ సిబిల్ రిపోర్టులోకి కూడా ఎక్కుతుంది. రేపు తన పిల్లల చదువు కోసం లోన్‌కు వెళ్తే అక్కడ కనిపిస్తుంది.

జామిన్‌కు హక్కులు లేవని కాదు. బాకీ కట్టేశాక కర్జ్‌ఖాహ్ స్థానం అతనికి వస్తుంది (సెక్షన్ 140), కట్టిన డబ్బు మక్‌రూజ్ నుంచి రాబట్టుకోవచ్చు (సెక్షన్ 145). తనకు చెప్పకుండా లోన్ షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీల విషయంలో బాధ్యత తప్పుతుంది (సెక్షన్ 133). అయితే ఇలాంటి హక్కులు వదులుకుంటున్నట్టు చాలా ఫారాల్లో ముందే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

ఇదే కుటుంబంలో ఇంకో మాట 'కఫీల్'. ఇదీ పూచీ తీసుకునేవాడే, కానీ పోషణ, సంరక్షణ అనే అర్థం కూడా ఇందులో కలిసి ఉంటుంది. ఖురాన్‌లో హజ్రత్ మర్యమ్ సంరక్షణ హజ్రత్ జకరియ్యాకు అప్పగించిన చోట వచ్చేది ఈ ధాతువే. మన జగిత్యాల, నిజామాబాద్ వైపు మాత్రం కఫీల్ అనగానే గల్ఫ్‌లో వీసా ఇచ్చిన యజమాని గుర్తుకొస్తాడు. అక్కడ అది ఇంగ్లిష్ స్పాన్సర్‌కు మాట, గ్యారంటర్‌కు కాదు.

కోర్టు వార్తల్లో జమానత్ అంటే బెయిల్. "జమానత్ మంజూర్" అంటే బెయిల్ వచ్చింది, "పేష్గీ జమానత్" అంటే ముందస్తు బెయిల్. ఎన్నికల వార్తల్లో "జమానత్ జబ్త్" అని కనిపిస్తే మన పేపర్లు రాసే "డిపాజిట్ గల్లంతు" అన్నమాట. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అభ్యర్థి కట్టిన డిపాజిట్ పోతుంది. జనరల్ అభ్యర్థులకు అది లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 రూపాయలు.

జమానత్ అన్నిచోట్లా సరిపోదు. "గ్యారంటీగా వస్తాడు" అనడానికి "జమానత్ సే ఆయేగా" అంటే నవ్వుతారు. అక్కడ 'యకీనన్', లేదా 'జరూర్'. "దానికి గ్యారంటీ ఏమిటి?" అనేది మాత్రం "ఇస్ కీ క్యా జమానత్ హై?" అని చక్కగా కుదురుతుంది. మిక్సీ గ్యారంటీ కార్డును ఉర్దూ మాట్లాడేవాళ్లు కూడా గ్యారంటీ కార్డే అంటారు, దాన్ని మార్చాల్సిన పనేం లేదు.

ప్రయాణం వెళ్లేవాళ్ల కుడిచేతికి కొన్ని ఇళ్లలో నాణెం గుడ్డలో చుట్టి కట్టే 'ఇమామ్ జామిన్'లో ఉన్నదీ ఈ జామినే. ఎనిమిదో ఇమామ్ అయిన ఇమామ్ అలీ రజా పేరు మీద వచ్చిన ఆచారం అది. క్షేమంగా చేరాక ఆ నాణెం ఖైరాత్ చేస్తారు.