గ్రామ ముంగిట గుండె ముప్పు పరీక్షలు: మొబైల్ సాధనాల వినియోగం, గోదావరి గ్రామాల అనుభవం

గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధుల ముప్పు ఉన్నవారిని, వ్యాధి లక్షణాలు బయటపడక ముందే వారి ఇంటి వద్దనే గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా చికిత్సకు చేర్చే విధానమే గ్రామ స్థాయి గుండె ముప్పు పరీక్ష. గ్రామంలోని ఆశా కార్యకర్త లేదా ఆరోగ్య కార్యకర్త రక్తపోటు యంత్రంతోను, మొబైల్ ఫోన్ లేదా ట్యాబ్లెట్‌తోను ఈ పరీక్షలు నిర్వహిస్తారు. ఈ విధానాన్ని శాస్త్రీయంగా పరీక్షించిన ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలకు ప్రముఖ స్థానం ఉన్నది. ముప్పు ఉన్నవారిని గుర్తించడం గ్రామ స్థాయిలో సాధ్యమేనని, అయితే వైద్యుడు, మందులు అందుబాటులో లేనిదే ఆ గుర్తింపు ప్రాణరక్షణగా మారదని అక్కడి అనుభవం తెలియజేస్తున్నది.

నేపథ్యం

గుండె జబ్బులు పట్టణవాసులకు, సంపన్నులకు మాత్రమే వచ్చేవన్న అభిప్రాయం దీర్ఘకాలం ప్రచారంలో ఉండేది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, 2003-04లో ఒక సంవత్సర కాలం సంభవించిన మరణాలను ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం కింద నమోదు చేశారు. మరణించినవారి కుటుంబ సభ్యులను అడిగి కారణాలను నిర్ధారించగా, మొత్తం మరణాలలో 32 శాతానికి రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన వ్యాధులే కారణమని తేలింది. అంటువ్యాధుల వల్ల సంభవించిన మరణాల కంటే ఇవి రెట్టింపునకు మించి ఉన్నాయి. 2006లో ప్రచురితమైన ఈ ఫలితాలు గ్రామీణ ఆరోగ్య సేవల ప్రాధాన్యాలపై కొత్త చర్చకు దారి తీశాయి.

తల్లీబిడ్డల సంరక్షణకు, టీకాలకు, అంటువ్యాధుల నివారణకు ఏర్పడిన ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థ, జీవితాంతం మందులు వాడవలసిన రోగులను ఏ విధంగా చూసుకోగలదన్నది నాడు తలెత్తిన ప్రధాన ప్రశ్న. ప్రతి ఇంటికి వైద్యుడు వెళ్లడం సాధ్యం కాదు. అందువల్ల 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ప్రారంభమైన ఆశా వ్యవస్థపై అందరి దృష్టి పడింది.

ముప్పును లెక్కించే విధానం

రక్తపోటు అంకె ఒక్కటే గుండె ముప్పును తెలియజేయదు. వయస్సు, స్త్రీ పురుష భేదం, పొగతాగే అలవాటు, సిస్టోలిక్ రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్ అనే అంశాలను కలిపి, రాగల 10 సంవత్సరాలలో గుండెపోటు లేదా పక్షవాతం వచ్చే అవకాశాన్ని శాతంలో అంచనా వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన ముప్పు పట్టికలు 40 నుంచి 74 సంవత్సరాల వయస్సు వారికి వర్తిస్తాయి. రక్త పరీక్షకు వీలు లేని చోట్ల ఉపయోగించేందుకు మధుమేహం, కొలెస్ట్రాల్ వివరాలకు బదులుగా ఎత్తు, బరువుల నిష్పత్తిని తీసుకునే ప్రత్యేక పట్టికను కూడా రూపొందించారు.

ఈ లెక్కను కాగితంపై చేయడం శ్రమతో కూడిన పని. మొబైల్ సాధనం ఈ భారాన్ని తగ్గిస్తుంది. కార్యకర్త వివరాలను నమోదు చేసిన వెంటనే ముప్పు స్థాయి రంగుల రూపంలో తెరపై కనిపిస్తుంది. కార్యకర్త చేయవలసిన తదుపరి పని ఏమిటన్నది స్థానిక భాషలోనే తెలుస్తుంది.

పశ్చిమ గోదావరిలో పరిశోధన

2022 జిల్లాల పునర్విభజనకు ముందున్న పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ ఆధ్వర్యంలో ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’ పరిశోధన జరిగింది. 40 సంవత్సరాలు పైబడిన వారిని ఆశా కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి పరీక్షించి, అధిక ముప్పు ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపించారు. నమోదైన వివరాలు వైద్యుని ట్యాబ్లెట్‌కు చేరే ఏర్పాటు చేశారు. ఏయే రోగులను ముందుగా కలుసుకోవాలో తెలిపే జాబితా కార్యకర్తకు లభించేది. మందులు క్రమం తప్పకుండా వాడాలని గుర్తుచేసే ముద్రిత స్వర సందేశాలు రోగుల ఫోన్లకు వెళ్లేవి.

అన్ని కేంద్రాలలోను ఒకేసారి కాక, దశలవారీగా ఈ విధానాన్ని ప్రవేశపెట్టారు. ఏ కేంద్రం ఏ దశలో చేరాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. అధిక ముప్పు ఉన్నవారిలో ఎంత శాతం మందికి సిస్టోలిక్ రక్తపోటు 140 కంటే తగ్గిందన్నది ప్రధాన కొలమానం. 2019లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, కార్యకర్తలు పరీక్షలను సమర్థంగా నిర్వహించినప్పటికీ, రక్తపోటు అదుపులో చెప్పుకోదగిన వ్యత్యాసం కనిపించలేదు. కార్యకర్త సూచన పొందిన వారందరూ వైద్యుని వద్దకు చేరకపోవడం, రక్తపోటు మందుల వాడకం ఆశించిన మేరకు పెరగకపోవడం ఇందుకు ముఖ్య కారణాలుగా గుర్తించారు.

అంతకు ముందు రాష్ట్రంలోని 44 గ్రామాలలో జరిగి, 2012లో ప్రచురితమైన మరో పరిశోధన కూడా ఇదే దిశను సూచించింది. వైద్యేతర ఆరోగ్య కార్యకర్తలు నిర్దిష్ట సూత్రావళి ఆధారంగా పరీక్షించినప్పుడు అధిక ముప్పు ఉన్నవారిని గుర్తించే శాతం పెరిగింది. కేవలం ప్రచార కార్యక్రమాల వల్ల ప్రజల అవగాహనలో కొలవదగిన మార్పు రాలేదు.

మందులు అందిన చోట ఫలితాలు

ఇదే తరహా విధానాన్ని ఇండోనేషియాలోని మలాంగ్ జిల్లాలో 8 గ్రామాలలో పరిశీలించారు. నాలుగు గ్రామాలలో స్థానిక ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తలు, నర్సులు, వైద్యులు మొబైల్ సాధనం సహాయంతో పనిచేయగా, మిగిలిన నాలుగు గ్రామాలలో యథాప్రకారం సేవలు కొనసాగాయి. కార్యక్రమం అమలైన గ్రామాలలో అధిక ముప్పు ఉన్నవారిలో 15.5 శాతం మంది తగిన నివారణ మందులు వాడుతుండగా, ఇతర గ్రామాలలో అది 1 శాతంగా నమోదైంది. సిస్టోలిక్ రక్తపోటులో సగటున 8.3 మిల్లీమీటర్ల అదనపు తగ్గుదల కనిపించింది.

కొలంబియా, మలేషియా దేశాలలోని 30 ప్రాంతాలలో నిర్వహించిన ‘హోప్ 4’ పరిశోధనలో ట్యాబ్లెట్ ఆధారిత పరీక్షలతో పాటు, వైద్యుల పర్యవేక్షణలో ఉచిత మందులు అందజేశారు. ప్రతి రోగికి కుటుంబ సభ్యుడు లేదా మిత్రుడు ఒకరు చికిత్సా సహాయకుడిగా ఉండే ఏర్పాటు చేశారు. సాధారణ సేవలు పొందిన వారితో పోలిస్తే, ఒక సంవత్సరం తరువాత వీరి సిస్టోలిక్ రక్తపోటు 11 మిల్లీమీటర్లకు పైగా అదనంగా తగ్గింది. ఈ ఫలితాలు కూడా 2019లోనే వెలువడ్డాయి. గోదావరి గ్రామాల ఫలితాలను వీటితో కలిపి పరిశీలించినప్పుడు, సాధనం కంటే ఆ తరువాతి సేవల గొలుసే నిర్ణాయకమని స్పష్టమవుతున్నది.

జాతీయ కార్యక్రమాలు

అసాంక్రమిక వ్యాధుల నివారణకు కేంద్ర ప్రభుత్వం 2010లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2017 నుంచి 30 సంవత్సరాలు పైబడిన వారందరికీ రక్తపోటు, మధుమేహం, మూడు రకాల సాధారణ క్యాన్సర్ల పరీక్షలు చేసే జనాభా ఆధారిత కార్యక్రమం అమలులోకి వచ్చింది. ఇందులో ఆశా కార్యకర్త ప్రతి వ్యక్తికి ఒక అంచనా పత్రం పూర్తి చేస్తారు. వయస్సు, పొగాకు, మద్యం అలవాట్లు, నడుము కొలత, శారీరక శ్రమ, కుటుంబంలో వ్యాధి చరిత్ర ఆధారంగా మార్కులు ఇస్తారు. 4 కంటే ఎక్కువ మార్కులు వచ్చిన వారిని పరీక్షలకు ముందుగా రప్పించాలని మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి.

2017 నవంబరులో పంజాబ్, మధ్యప్రదేశ్, కేరళ, తెలంగాణ, మహారాష్ట్ర రాష్ట్రాలలో భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అందరికీ ఒకే సరళ చికిత్సా క్రమం, మందుల నిరంతర సరఫరా, పనుల పంపకం, ఇంటికి చేరువలో సేవలు, ప్రతి రోగి వివరాల డిజిటల్ నమోదు దీని ప్రధానాంశాలు. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలోని వయోజనులలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది.

క్షేత్ర స్థాయిలో పాటించవలసిన జాగ్రత్తలు

- రక్తపోటు చూసే ముందు వ్యక్తిని కనీసం 5 నిమిషాలు విశ్రాంతిగా కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు ఉండాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి.
- అంతకు ముందు అరగంట పాటు టీ, కాఫీ, పొగాకు వాడకుండా చూడాలి.
- చేతి పట్టీ భుజం కొలతకు సరిపోవాలి. కనీసం రెండు పర్యాయాలు కొలవాలి.
- పరీక్షలో అధిక ముప్పు కనిపించడం వ్యాధి నిర్ధారణ కాదు. నిర్ధారణ, మందుల నిర్ణయం వైద్యుని బాధ్యత.
- ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒకవైపు కాలుచేయి పడిపోవడం వంటి లక్షణాలు ఉన్నప్పుడు ముప్పు లెక్కింపుతో కాలయాపన చేయరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలిపించాలి.
- వ్యక్తుల ఆరోగ్య వివరాలను వారి అనుమతి లేకుండా ఇరుగుపొరుగు వారికి గాని, ఇతరులకు గాని తెలియజేయరాదు.

గణాంకాల పరిశీలన

పరీక్షల పురోగతిని నివేదించేటప్పుడు ఎంతమందిని పరీక్షించారన్న సంఖ్య ఒక్కటే సరిపోదు. పరీక్షించినవారిలో ముప్పు ఉన్నవారు ఎందరు, వారిలో వైద్యుని చూసినవారు ఎందరు, ఎందరికి మందులు మొదలయ్యాయి, నెల నెలా మందులు తీసుకుంటున్నవారు ఎందరు, రక్తపోటు అదుపులోకి వచ్చినవారు ఎందరు అన్న ఐదు సంఖ్యలను వరుసగా చూడవలసి ఉంటుంది. ఏ మెట్టు వద్ద సంఖ్య ఎక్కువగా పడిపోతున్నదో అక్కడే లోపం ఉన్నదని గ్రహించవచ్చును. వైద్యుని పోస్టు ఖాళీగా ఉండడం, కేంద్రంలో మందులు నిండుకోవడం, కూలి పని మానుకొని రావలసి రావడం వంటి కారణాలు ఈ లెక్కలోనే బయటపడతాయి.

రక్తపోటు బిళ్ల ప్రతి నెలా అందవలసిన రోగికి ఒక నెల సరఫరా ఆగినా, ఇంటి వద్ద జరిగిన పరీక్ష ప్రయోజనం తగ్గిపోతుంది. మొబైల్ సాధనం ముప్పు ఉన్నవారి పేర్లను వైద్యుని ముందు ఉంచగలదు. ఆ పేర్లకు ఎదురుగా చికిత్స నమోదు కావడమే కార్యక్రమ సాఫల్యానికి గీటురాయి.