బ్రౌజర్లో పాట మోగించడం - ఓ చిన్న చరిత్ర

ఇప్పుడు ఆడియో ట్యాగు ఒక్కటి రాస్తే పాట మోగుతుంది. ఇక్కడిదాకా రావడానికి మనోళ్ళు పడ్డ తిప్పలు మాత్రం ఇన్నీ అన్నీ కావు :)

1995లో రియల్ఆడియో వచ్చింది. డయలప్ మీద కూడా, ఫైలు మొత్తం దిగకముందే పాట వినొచ్చు. అందుకే 2000ల మొదట్లో మ్యూజిక్ఇండియాఆన్‌లైన్, రాగా లాంటి సైట్లలో తెలుగు పాట వినాలంటే మౌలాలిలో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా రియల్‌ప్లేయర్ ఉండాల్సిందే. విండోస్ మీడియా ప్లేయర్ని పేజీలో పెడితే ఇంకో గోల. యాక్టివ్ఎక్స్ కాబట్టి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో పలికేది, ఫైర్‌ఫాక్సుకి వేరే ప్లగిన్ను కావాలి.

ఆ గొడవ తీర్చింది ఫ్లాష్. పేజీలో బుల్లి ప్లేయరు, వెనకాల ఎంపీ3. కానీ 2007లో వచ్చిన ఐఫోన్ ఫ్లాష్‌ని గడప తొక్కనివ్వలేదు.

పోనీ హెచ్‌టీఎంఎల్5 ఆడియో ట్యాగు వాడదామంటే, 2009 నాటి ఫైర్‌ఫాక్స్ 3.5 పేటెంట్ల గొడవతో ఎంపీ3 వద్దని ఆగ్ పట్టుకుంది, సఫారీ ఆగ్ ముట్టలేదు. అందుకని ఒకే పాటకి రెండు ఫైళ్ళు, రెండు సోర్సు లైన్లు, వాటి కింద ఫ్లాష్. ఇక్కడా ఓ మెలిక ఉంది. ట్యాగు తెలిసి ఫార్మాటు తెలియని బ్రౌజరు కింద ఉన్న ఫ్లాష్ దాకా పోదు. కాబట్టి కెన్‌ప్లేటైప్‌తో ముందే అడిగి, జావాస్క్రిప్టుతో దారి మళ్ళించాలి.

ఎంపీ3 లైసెన్సు గొడవ 2017లో ముగిసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథ కూడా కంచికెళ్ళింది. ఎంపీ3 ఉన్నవాళ్ళు ప్లేయరు మార్చుకుంటే సరిపోయింది. అసలు రికార్డింగు పారేసి రియల్ ఫైలే మిగుల్చుకున్నవాళ్ళకి డయలప్ కోసం నొక్కేసిన ఆ గొంతే దిక్కు.

మీ పాత సీడీల్లో అలాంటి ఫైళ్ళుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఇప్పుడే మార్చుకోండి. క్యాసెట్టు కూడా ఉందా? దాన్నుంచే మళ్ళీ ఎక్కించండి.