రొయ్య పెంకు నుంచి మోకాలి మాత్ర దాకా

మోకాళ్లలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పగానే చాలామంది కొనే మాత్ర గ్లూకోజమైన్. దీన్ని మొదట కనుక్కున్నప్పుడు కీళ్ల నొప్పుల ఊసే లేదు.

1876లో గేయోర్గ్ లెడ్డర్‌హోజ్ అనే యువకుడు లాబ్‌స్టర్ పెంకును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించాడు. పెంకుకు గట్టిదనాన్నిచ్చే కైటిన్ విడిపోయి, గ్లూకోజమైన్ స్ఫటికాలు మిగిలాయి. ఆయన తర్వాత శస్త్రవైద్యుడయ్యాడు. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో శుద్ధి కేంద్రాల దగ్గర మిగిలిపోయే తలల్లో, పెంకుల్లో ఉండేదీ ఆ కైటినే.

గ్లూకోజమైన్‌ను మన శరీరమూ తయారుచేసుకుంటుంది. గుజ్జులో, అంటే మృదులాస్థిలో, నీటిని పట్టి ఉంచే పదార్థాల తయారీకి అది ముడిసరుకు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బతింటే సులభంగా కోలుకోదు. ముడిసరుకును నోటి ద్వారా అందిస్తే అరుగుదల ఆగుతుందేమోనన్న ఆశ అక్కడే పుట్టింది. 1997లో అమెరికాలో వచ్చిన ‘ది ఆర్థరైటిస్ క్యూర్’ అనే పుస్తకం ఆ ఆశను ఇంటింటికీ చేర్చింది.

2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మూడేళ్ల పరిశీలన గ్లూకోజమైన్ వాడినవారిలో కీలు సందు తగ్గడం, అంటే గుజ్జు అరుగుదల, నెమ్మదించిందని చెప్పింది. 2006లో 1,583 మందిపై అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితం వేరు. నొప్పి తగ్గినవారు గ్లూకోజమైన్ వాడినవారిలో 64 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 60 శాతం. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న కొద్దిమందిలో మాత్రం గ్లూకోజమైన్‌తో కాండ్రాయిటిన్ అనే మరో మాత్ర కలిపి వాడితే మేలు కనిపించింది.

అదే పరీక్షలో సెలకాక్సిబ్ అనే నొప్పి మాత్ర 70 శాతం మందికి పనిచేసింది. అయితే నొప్పి మాత్రలతో వేరే చిక్కుంది. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. నొప్పిని, వాపును పెంచేవి అవే. కడుపు లోపలి పొరను, మూత్రపిండాలకు రక్తప్రసరణను కాపాడేవీ అవే. అందుకే సొంతంగా నెలల తరబడి నొప్పి మాత్రలు మింగకూడదు. గ్లూకోజమైన్ విషయంలోనూ, రొయ్యలు, పీతలు పడనివారూ, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవారూ ముందుగా డాక్టరును అడగాలి.

అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన మాత్ర ఇంతవరకూ లేదు. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం మాత్రం మేలు చేస్తాయని గట్టిగా తేలింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మాత్ర కొన్నా కొనకపోయినా చికిత్సను ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.