ఆపరేషన్‌కి ముందు మూడు నెలలు

రిపోర్టులో హీమోగ్లోబిన్ 6.4 అని ఉంది. "ఈ రక్తంతో ఆపరేషన్ చెయ్యలేనమ్మా, ముందు పది దాటాలి" అంది డాక్టర్. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు తీయించుకోడానికి బ్యాగు సర్దుకుని వచ్చిన అమ్మకి అది అవమానంలా తోచింది. "ఇన్నేళ్లూ ఈ రక్తంతోనే చాకిరీ అంతా చేశాను కదా మేడమ్?" అంది.

నెలసరిలో బ్లీడింగ్ ఎంత ఉంటుందని అడిగితే "అందరిలాగే" అంది. అబద్ధం కాదు. అమ్మకి తెలిసిన అందరూ అంటే అమ్మమ్మా, పెద్దమ్మా. ముగ్గురూ బియ్యం చెరుగుతూ గుప్పెళ్లకొద్దీ నమిలేవాళ్లు. బియ్యం తింటే పెళ్లిలో వానొస్తుందని నన్ను మాత్రం కసిరేవాళ్లు. ఒంట్లో ఇనుము తగ్గితే బియ్యమో, బలపమో, ఐసుముక్కో తినాలనిపిస్తుందని మాకప్పటికి తెలీదు.

అందరిలాగే అంటే ఎంత? ఆ ప్రశ్న పట్టుకునే ఈ చరిత్రంతా చదవడం మొదలుపెట్టాను. 1966లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో లీఫ్ హాల్‌బర్గ్ బృందం 476 మంది ఆడవాళ్ల నెలసరి రక్తాన్ని కొలిచింది. నెలకి 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువే అన్న లెక్క అక్కడ స్థిరపడింది. చిన్న చాయ్ కప్పెడు, అంతే. మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకి ఒకటో రెండో మిల్లీగ్రాములు. గర్భసంచి లోపొరని ఒత్తే ఫైబ్రాయిడ్ చిన్నదైనా సరే, ఈ లెక్కని తలకిందులు చేసేస్తుంది. అప్పుడిక బెల్లం పల్లీలతో ఆ అప్పు తీరదు.

అమ్మకి రాసిన చీటీలో ఐరన్ డ్రిప్‌తో పాటు ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది. ఆ మాత్ర వెనక ఉటాకో ఒకమోటో అనే జపాన్ శాస్త్రవేత్త ఉంది. యుద్ధంలో చితికిపోయిన దేశంలో, పరిశోధనకి సరుకు దొరక్క, రక్తమైతే తమ ఒంట్లోంచే తీసుకోవచ్చని ఆమే, భర్త షోసుకే ఆ రంగం ఎంచుకున్నారు. కూతుర్ని వీపుకి కట్టుకుని ల్యాబులో పనిచేసిందామె. గడ్డకట్టిన రక్తం తొందరగా కరిగిపోకుండా ఆపే ఈ మందు గురించి 1962లో ప్రకటించారు. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లుల కోసమే ఆమె తపన. కానీ అక్కడి కాన్పుల డాక్టర్లని పరీక్షించి చూడమని ఒప్పించలేకపోయింది. ఇరవై వేలమంది స్త్రీలతో జరిగిన ఆ పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఆమె 2016లోనే పోయింది. ఇది చదివిన రోజు నాకు చాలా కోపం వచ్చింది.

1995లో అమెరికాలో ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌కి, ఐరన్‌తో కలిపి, సరిగ్గా అమ్మలాంటి వాళ్ల కోసమే అనుమతి వచ్చింది. కొన్నాళ్లు నెలసరి ఆపేసి, ఆపరేషన్ నాటికి రక్తం పట్టేలా చెయ్యడం దాని పని. ఒంట్లో సెగలు మాత్రం భరించాలి.

ఈ ఎదురుచూపుకి విలువుందని చెప్పినవాళ్లలో నాకు బాగా నచ్చినవాడు లండన్ సర్జన్ విక్టర్ బోనీ. ఫైబ్రాయిడ్ల వల్ల ఆయన భార్యకి గర్భసంచే తీసేయాల్సి వచ్చింది. వాళ్లకి పిల్లల్లేరు. ఆ తర్వాత ఆయన గర్భసంచిని ఉంచి ఫైబ్రాయిడ్లు మాత్రమే తీసే పద్ధతి మీద జీవితమంతా పనిచేశాడు. కోస్తున్నంతసేపూ రక్తనాళాల్ని నొక్కి పట్టే పట్టకారు తయారుచేశాడు. ఆపరేషన్లో రక్తం పోకుండా చూసుకుంటే తొందరపడి మొత్తం తీసేయనక్కర్లేదన్నది ఆయన లెక్క.

మన దగ్గర తొందరే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రలో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8. దేశం మొత్తమ్మీద 3. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత. పెద్దమ్మకి ముప్ఫై ఆరేళ్లకే తీసేశారు. ముందు రక్తం పట్టించాలని గానీ, ఇంకో దారుందని గానీ ఆమెకెవరూ చెప్పలేదు.

మూడో నెల రిపోర్టులో 10.8 వచ్చింది. ఆ రోజు అమ్మ రెండో అంతస్తుకి మధ్యలో ఆగకుండా ఎక్కేసి, "మెట్లు తగ్గించారేంటే?" అంది. డాక్టర్ ఆపరేషన్ డేట్ ఇవ్వబోతే, గడ్డలు మాత్రం తీస్తే ఏమవుతుంది, మొత్తం తీస్తే ఏమవుతుంది అని కూర్చోబెట్టి అడిగింది. అంతా విని, "ఆలోచించుకుని చెప్తాను మేడమ్" అంది.