లా ఫర్మ్, న్యాయవార్త: ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

నేటి పెద్ద లా ఫర్మ్‌లు ముఖ్యంగా రెండు పనులు చేస్తాయి. కంపెనీ వ్యవహారాలు, పన్నులు, భూమి లావాదేవీలు, కార్మిక వివాదాలు వంటి అన్ని రకాల న్యాయసేవలను ఒకేచోట అందించడం మొదటిది. కొత్త చట్టాలు, తీర్పుల గురించి కక్షిదారులకు వార్తాలేఖలు పంపడం రెండోది. రెండోది చిన్న అనుబంధంలా కనిపిస్తుంది. కానీ మనదేశంలో న్యాయవాది తన గురించి తాను ప్రచారం చేసుకోరాదు. అందువల్ల వార్తాలేఖకు ప్రత్యేక ప్రాముఖ్యం వచ్చింది. ఈ పరిణామం ఎలా జరిగిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. వలసపాలనలో న్యాయవాద వృత్తి

1773 రెగ్యులేటింగ్ చట్టం ప్రకారం 1774లో కలకత్తాలో సుప్రీంకోర్టు ఏర్పడింది. అటువంటి కోర్టులే మద్రాసులో 1801లో, బొంబాయిలో 1824లో వచ్చాయి. వీటితోపాటు ఇంగ్లాండులోని పని విభజన కూడా వచ్చింది. కక్షిదారుతో మాట్లాడి పత్రాలు సిద్ధంచేసేది అటార్నీ, అంటే సొలిసిటర్. కోర్టులో వాదించేది బారిస్టర్. బారిస్టర్ పేరు అతనితోనే ముగిసేది. సొలిసిటర్ల కార్యాలయం మాత్రం భాగస్వాములు మారినా కొనసాగేది, దస్తావేజులు అక్కడే ఉండేవి. బొంబాయిలో 1830 నాటి క్రాఫర్డ్ బేలీ, మద్రాసులో 1908 నాటి కింగ్ అండ్ పార్ట్‌రిడ్జ్ ఇటువంటి సంస్థలే. నేటి లా ఫర్మ్‌కు మూలం ఇక్కడే ఉంది.

తెలుగు జిల్లాల్లో పరిస్థితి వేరు. ఇక్కడి కోర్టుల్లో వాదించినవారు ఎక్కువగా ప్లీడర్లు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నా, ఆ హోదాతో మద్రాసు హైకోర్టులో వాదించే అర్హత ఆయనకు లేదు. అందుకే ఇంగ్లాండు వెళ్లి బారిస్టరై, తిరిగివచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఎవరు ఎక్కడ వాదించాలో ప్రతిభతోపాటు హోదా కూడా నిర్ణయించేదని ఈ ఉదాహరణ వల్ల తెలుస్తుంది.

3. తీర్పే వార్త

పై కోర్టు తీర్పును కింది కోర్టు అనుసరించాలి. కాబట్టి కొత్త తీర్పు ముందుగా తెలిసిన వకీలుకు వాదనలో బలం ఎక్కువ. 1875 నాటి ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం అధికారిక తీర్పుల ప్రచురణకు ఆధారమైంది. 1891లో మద్రాస్ లా జర్నల్, ఆ తర్వాత ఆల్ ఇండియా రిపోర్టర్ మొదలయ్యాయి. ప్రకాశం కూడా మద్రాసులో 'లా టైమ్స్' అనే న్యాయపత్రికకు సంపాదకత్వం వహించారు. ఇవన్నీ వకీళ్లు, న్యాయమూర్తులు చదివే పత్రికలు. కక్షిదారుకు చట్టం గురించిన కబురు వకీలు నోటిద్వారానే చేరేది.

4. స్వాతంత్ర్యానంతర నియమాలు

1961 అడ్వకేట్ల చట్టం దేశమంతటికీ ఒకే తరగతి న్యాయవాదులను ఏర్పరచింది. కలకత్తా, బొంబాయి హైకోర్టుల్లో మిగిలిన అటార్నీల ప్రత్యేక తరగతిని 1976 సవరణ తొలగించింది. అయినా ఫర్మ్‌లు పెద్దగా విస్తరించలేకపోయాయి. ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, 1956 కంపెనీల చట్టం ప్రకారం భాగస్వామ్య సంస్థలో 20 మందికి మించి భాగస్వాములు ఉండకూడదన్న పరిమితి అప్పట్లో ఉండేది. రెండోది, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రకటనలు ఇచ్చుకోరాదు. నేమ్‌బోర్డు కూడా తగిన పరిమాణానికి మించరాదు. 2008లో వెబ్‌సైటుకు అనుమతి వచ్చినా, పేరు, చిరునామా, నమోదు వివరాలు, అర్హతలు, పనిచేసే రంగాలు వంటివాటికే అది పరిమితం.

5. 1991 తర్వాత

ఆర్థిక సంస్కరణలతో చట్టాల సంఖ్య పెరిగింది. 1992 సెబీ చట్టం, 1996 మధ్యవర్తిత్వ చట్టం, 2002 కాంపిటీషన్ చట్టం, 2016 దివాలా స్మృతి వరసగా వచ్చాయి. ఒక కర్మాగారం కొనాలంటే భూమి, పన్ను, కార్మిక, పర్యావరణ చట్టాలన్నీ చూడాలి. ఇన్నింటికీ ఒకే గుమ్మంలో సలహా కావాలని కంపెనీలు కోరాయి. 2008 పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టంతో 20 మంది హద్దు లేని మార్గం ఏర్పడింది. విదేశీ ఫర్మ్‌లు మనదేశంలో ప్రాక్టీసు చేయరాదని, అప్పుడప్పుడు వచ్చి తమ దేశ చట్టంపై సలహా ఇచ్చి వెళ్లవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో బార్ కౌన్సిల్, పరస్పరత షరతుపై, కోర్టు వాదనలు మినహా కొన్ని పనులకు వాటిని అనుమతిస్తూ నియమాలు చేసింది.

పోటీ పెరిగింది, ప్రకటనపై నిషేధం మాత్రం అలాగే ఉంది. "మేం సమర్థులం" అని ఫర్మ్ ప్రకటించుకోలేదు. ఫలానా సవరణ వచ్చిందని, దాని ప్రభావం ఇదని వివరించగలదు. ఆ వివరణలోనే దాని సామర్థ్యం వ్యక్తమవుతుంది. ఆ విధంగా న్యాయవార్త ఫర్మ్‌కు పరిచయపత్రమైంది.

6. వార్తాలేఖను ఆధారంగా చదవడం

చరిత్ర విద్యార్థికి ఈ లేఖలు మంచి ఆధారాలు. ఒక చట్టం వచ్చిన వారంలో వ్యాపారవర్గం దేనికి భయపడిందో, దేనికి సంతోషించిందో వీటిలో తెలుస్తుంది. అయితే అవి ఎవరికోసం రాసినవో మరవకూడదు. 2018లో దివాలా స్మృతిని సవరించి ఫ్లాట్లు కొన్నవారిని ఆర్థిక రుణదాతలుగా గుర్తించారు. నిర్మాణ సంస్థకు సలహా ఇచ్చే ఫర్మ్ దృష్టిలో అది కొత్త ప్రమాదం. ఫ్లాటుకోసం డబ్బుకట్టి ఏళ్లతరబడి ఎదురుచూస్తున్న కుటుంబానికి అదే కొత్త హక్కు. సెక్షన్ ఒక్కటే, వార్తలు రెండు. మొదటి వార్త ఇంగ్లీషులో కంపెనీ కార్యాలయానికి వెంటనే చేరుతుంది. రెండోది తెలుగులో ఆ కుటుంబానికి ఎప్పుడు చేరుతుందన్నదే అసలు ప్రశ్న. సుప్రీంకోర్టు తీర్పుల అనువాదాలు తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఉచితంగా లభించడం ఈ దిశలో ఒక అడుగు. కానీ తీర్పు దొరకడం వేరు, అది తనకు ఎలా వర్తిస్తుందో తెలియడం వేరు.

7. సారాంశం

సొలిసిటర్ల కార్యాలయం నుంచి లా ఫర్మ్ పుట్టింది. 1991 తర్వాతి చట్టాలు దాన్ని విస్తరింపజేశాయి. ప్రకటనపై నిషేధం న్యాయవార్తకు విలువ పెంచింది. చట్టం అందరికీ ఒకటే అయినా, దాని కబురు అందరికీ ఒకేసారి చేరలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సొలిసిటర్, బారిస్టర్ పనుల్లో తేడా ఏమిటి?
2. 1991 తర్వాత లా ఫర్మ్‌లు విస్తరించడానికి కారణాలు వివరించండి.
3. ఇటీవల వచ్చిన ఒక చట్ట సవరణను తీసుకొని, దాన్ని యజమానికి ఒక పేరాలో, కార్మికుడికి మరో పేరాలో వివరించండి. ఆ రెండింటిలో ఏం మారిందో గమనించండి.