ఐదేళ్ళలో ఐదు గంటలు

ఒట్టో లిలియెంథాల్ మన లాంటి వాడే. బెర్లిన్‌లో బాయిలర్లూ, ఆవిరి ఇంజన్లూ చేసే ఫ్యాక్టరీ నడిపిన మెకానికల్ ఇంజనీరు. లాభాల్లో పావు వంతు పనివాళ్ళకి పంచేవాడు కూడా, మన స్టాక్ ఆప్షన్లకి తాతన్నమాట. బతుకుతెరువు ఫ్యాక్టరీ, తీరిక దొరికితే గ్లైడర్లు. ఇంటి చుట్టుపక్కల సరైన గుట్ట లేదని 1894లో 15 మీటర్ల ఎత్తు మట్టిగుట్ట సొంత ఖర్చుతో పోయించుకున్నాడు! 1891 నుంచి సుమారు 2000 సార్లు ఎగిరాడు. 1896 ఆగస్టు 9న గాల్లో గ్లైడరు వేగం పోయి, ముక్కు కిందికి తిరిగి, 15 మీటర్ల పైనుంచి పడ్డాడు. వెన్ను విరిగి మర్నాడు పోయాడు. 48 ఏళ్ళు.

ఆ చావు వార్త చదివే విల్బర్ రైట్‌కి ఎగరడం మీద మళ్ళీ ఆసక్తి పుట్టింది. 1901లో ఇంజనీర్ల సభలో మాట్లాడుతూ విల్బర్ ఓ లెక్క చెప్పాడు: లిలియెంథాల్ ఐదేళ్ళలో నిజంగా గాల్లో ఉన్నది మొత్తం ఐదు గంటలే అని. అంటే ఎగిరిన ప్రతిసారీ సగటున 9 సెకన్లు. నాకైతే ఈ ఒక్క లెక్కతో కథంతా మారిపోతుంది. "2000 సార్లకి ఒక్క ప్రమాదం" అంటే ఫరవాలేదే అనిపిస్తుంది. "ఐదు గంటలకి ఒక ప్రాణం" అంటే? పైనున్న అంకె ఒకటే, కింద దేంతో భాగించామన్నదే తేడా.

రైట్ సోదరులు దీన్నుంచి నేర్చుకున్నది ధైర్యం కాదు, జాగ్రత్త. ఎదురుగాలి బాగా వీచే ఇసుక తీరం వెతుక్కుని కిట్టీహాక్ వెళ్ళారు. గాలి ఎదురైతే నేల మీద వేగం తక్కువ, పడినా ఇసుక. అనవసరమైన ప్రమాదాలకి పోనని విల్బర్ 1900లో తండ్రికి ఉత్తరం రాశాడు. 1902లో ఆర్విల్ గ్లైడర్‌తో సహా కూలినా ఒంటి మీద గీత పడలేదు. ఆ సీజన్లో వందల సార్లు ఎగిరి, విమానాన్ని అదుపులో పెట్టడం ఎలాగో తేల్చుకున్నారు. ఇంజను తర్వాతి ఏడు వచ్చింది. (విల్బర్ 1912లో పోయింది టైఫాయిడ్‌తో.)

సరే, ఇప్పటి గ్లైడర్ల సంగతి. మంచి గ్లైడరు కిలోమీటరు ఎత్తునుంచి 50 కిలోమీటర్లు జారుతుంది. వేడిగాలి సుడులు పట్టుకుంటే గంటల తరబడి పైనే. 2003లో క్లాస్ ఓల్మన్ ఆండీస్ కొండల గాలి అలల మీద ఇంజను లేకుండా 3000 కిలోమీటర్లు దాటాడు! ఇంత ఊరించే హాబీకి ఓ సామెత కూడా ఉంది: "గ్లైడింగ్‌లో అన్నిటికన్నా ప్రమాదం ఎయిర్‌ఫీల్డ్‌కి కారులో వెళ్ళడమే" అని. కొత్తవాళ్ళకి ధైర్యం చెప్పడానికి బాగానే ఉంటుంది.

జర్మనీ మేటి పైలట్ బ్రూనో గాంటెన్‌బ్రింక్ తోటి పైలట్ల సభలోనే ఈ మాటని ఉతికేశాడు. గ్లైడింగ్‌లో పోయిన మిత్రులు తనకి చాలామంది, ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్తూ కారులో పోయినవాడు ఒక్కడూ గుర్తు లేడని. అనుభవం ఉంటే చాలదా అంటారా? హెల్ముట్ రైఖ్‌మన్ మూడు సార్లు ప్రపంచ విజేత, ఈ విద్యకి పాఠ్యపుస్తకం రాసినవాడు. 1992లో గాల్లో ఇంకో గ్లైడరు ఢీకొని పోయాడు. ఒకే వేడిగాలి సుడిలో అందరూ గుండ్రంగా తిరుగుతుంటే, తెల్లటి సన్నటి గ్లైడరు ఎంత మంచి కంటికైనా ఆలస్యంగానే కనబడుతుంది.

గాంటెన్‌బ్రింక్ ఎగరడం మానెయ్యమనలేదు, ప్రమాదం లేదని చెప్పుకోవడం మానెయ్యమన్నాడు. నా ఓటూ అటే. ప్రమాదం ఉందని ఒప్పుకున్నవాళ్ళే దానికి మందు వెతుకుతారు. 2004లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన ఫ్లార్మ్ అలాంటిదే: జీపీఎస్‌తో తను కాసేపట్లో ఎక్కడ ఉండబోతోందో లెక్కకట్టి రేడియోలో చుట్టుపక్కల వాళ్ళకి చెబుతుంది, దారులు కలిసేలా ఉంటే అరుస్తుంది. యూరప్ గ్లైడర్లలో బాగా పాకింది. కాకపోతే అవతలి గ్లైడర్లో కూడా అది ఉండాలి, ఆన్ చేసి ఉండాలి.