తలుపు ఎవరికి తెరిచారు?

లండన్‌లో ఏటా సెప్టెంబరులో కొన్ని రోజులు వందల భవనాలు జనం కోసం తలుపులు తెరుస్తాయి. ప్రవేశ రుసుము ఉండదు. 1992లో విక్టోరియా థార్న్‌టన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ హౌస్ చాలా ఏళ్లు ఒక వారాంతపు వేడుకగా సాగింది. ఇప్పుడు అంతకంటే ఎక్కువ రోజులు జరిగే పండుగైంది. ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, చర్చిలు, ఆకాశాన్నంటే ఆఫీసు భవనాలు అందులో ఉంటాయి. వాటి పక్కనే మనుషులు కాపురం చేస్తున్న మామూలు ఇళ్లూ, ఫ్లాట్లూ ఉంటాయి. పేరున్న భవనాల ముందు జనం బారులు తీరతారు, ఫొటోలు కూడా ఎక్కువగా వాటివే వస్తాయి. కానీ ఈ ఆనవాయితీ ఎక్కడ పుట్టి ఎలా మారిందో చూస్తే, అందులో అన్నిటికంటే విలువైనవి ఆ చిన్న ఇళ్లేనని తేలుతుంది. ఇల్లు చూపించడం శతాబ్దాల నాటి అలవాటు. చూడవచ్చేవాళ్లను ఏరుకునే హక్కును ఇంటివాళ్లు తమంతట తాము వదులుకోవడం మాత్రం నిన్నమొన్నటిది. ఈ మార్పును గుర్తించకపోతే ఓపెన్ హౌస్ మరో పర్యాటక కార్యక్రమంగానే మిగిలిపోతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో జమీందారీ భవంతులను చూడటానికి వెళ్లడం ఉన్నవాళ్ల సరదా. యజమాని ఊళ్లో లేనప్పుడు ఇల్లు చూసుకునే పెద్ద పనిమనిషి గది గదీ తిప్పి చూపేది, వెళ్లేటప్పుడు చేతిలో కొంత పెట్టించుకునేది. జేన్ ఆస్టెన్ 1813లో అచ్చయిన తన నవలలో కథానాయికను పెంబర్లీ భవంతికి ఇలాగే తీసుకెళ్తుంది. బండిలో దిగి, మర్యాదస్తుల్లా కనిపించడమే అప్పటి ప్రవేశ పత్రం. లండన్ శివారు ట్వికెన్‌హామ్‌లో స్ట్రాబెర్రీ హిల్ అనే ఇంటిని గోథిక్ కోటలా తీర్చిదిద్దుకున్న హోరేస్ వాల్పోల్‌కు సందర్శకుల తాకిడి ఎంత పెరిగిందంటే, ఆయన నియమాలు అచ్చు వేయించవలసి వచ్చింది. ముందుగా అడిగి టికెట్టు తీసుకోవాలి, రోజుకు ఒక్క బృందమే రావాలి, అందులో నలుగురికి మించకూడదు, పిల్లలను తేకూడదు. ఇల్లు తెరిచే ఉండేది గానీ ఎవరికన్నది యజమానే తేల్చేవాడు. చూసినవాళ్లు కూడా ఆయన అభిరుచిని మెచ్చుకుని వెళ్లేవారే తప్ప, తమ ఇంటికి పనికొచ్చేదేదో నేర్చుకుందామని వచ్చినవారు కాదు.

నేర్పడానికి ఇల్లు తెరవాలన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో లండన్ నడిబొడ్డున మొలకెత్తింది. 1804లో థామస్ హోప్ డచెస్ వీధిలోని తన ఇంటిని మంచి గృహాలంకరణకు నమూనాగా చూపాలనుకున్నాడు. రాయల్ అకాడమీ సభ్యులకు టికెట్లు పంపితే, కళాకారులమైన మాకే పాఠాలా అని వాళ్లలో కొందరు నొచ్చుకున్నారు. అదే అకాడమీలో 1806 నుంచి వాస్తుశిల్ప ఆచార్యుడిగా ఉన్న సర్ జాన్ సోన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని తన ఇంటిని ఉపన్యాసాలకు ముందు, తర్వాత విద్యార్థులు వచ్చి చూసేందుకు తెరిచాడు. ఇరుకైన స్థలంలో పైకప్పు నుంచి వెలుగు ఎలా దించవచ్చో, అద్దాలతో చిన్న గదిని పెద్దగా ఎలా చూపవచ్చో ఆ ఇల్లే చెప్పేది. 1833లో పార్లమెంటు చేత ప్రత్యేక చట్టం చేయించి, తన తదనంతరం ఆ ఇంటిని ఉన్నదున్నట్టు జాతికి చెందేలా చూశాడు. 1837లో ఆయన మరణించాడు. ఆ ఇల్లు ఇవాళ్టికీ రుసుము లేని మ్యూజియం. సోన్ ఔదార్యం పెద్దదే. అయితే కాపురం ఆగిపోయాక ఇల్లు వస్తువుల వరుసగా మారుతుంది. అక్కడ మనిషి ఎలా బతికాడో ఊహించుకోవడమే మిగులుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో తలుపులు తెరిపించింది దానధర్మం. నర్సుల సేవలకు నిధుల కోసం 1927లో ఇంగ్లండు, వేల్స్‌లలో 609 ప్రైవేటు తోటలను తలకు ఒక షిల్లింగు రుసుముతో జనానికి తెరిచారు. ఎనిమిది వేల పౌండ్లకు పైగా వసూలైంది. అదే కాలంలో అమెరికాలో పాత ఇళ్ల యాత్రలు మొదలయ్యాయి. 1932లో మిసిసిపి రాష్ట్రంలోని నాచెజ్ పట్టణపు స్త్రీలు అంతర్యుద్ధానికి ముందు నాటి భవంతులకు వసంత యాత్రలు నడిపారు. 1948లో చార్ల్స్‌టన్ నగరం అదే బాట పట్టింది. ఈ యాత్రల డబ్బు చాలా ఇళ్లను నిలబెట్టిందన్నది నిజం. ఆ ఇళ్లను కట్టిన, ఆ సంపదను పుట్టించిన నల్లజాతి బానిసల ఊసు దశాబ్దాలపాటు అక్కడ సరిగా వినిపించకపోవడమూ అంతే నిజం. షిల్లింగు ఉంటే ఎవరైనా లోపలికి రావచ్చు, కానీ ఏది చూడాలో, ఏ కథ వినాలో ఇంటివాళ్లే నిర్ణయించేవారు. వడపోత గుమ్మం దగ్గర తగ్గి, చెప్పే కథలోకి చేరింది.

తర్వాతి మలుపు ప్రభుత్వాలది. 1984లో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ చారిత్రక కట్టడాలను ఒక రోజు జనానికి తెరిపించాడు. 1991 నాటికి ఐరోపా మండలి దాన్ని ఖండమంతటికీ వర్తించే వారసత్వ దినాలుగా ప్రకటించింది. గ్లాస్గో ఐరోపా సాంస్కృతిక నగరంగా ఉన్న 1990లో స్కాట్లండులో ఇలాంటి రోజులు మొదలయ్యాయి. ఈ వరుసలోనే 1992లో లండన్ ఓపెన్ హౌస్ వచ్చింది, అయితే దాని చూపు వేరు. వారసత్వం అనగానే పాతదనం గుర్తొస్తుంది. లండన్ కార్యక్రమం నిన్న కట్టిన భవనాన్నీ, స్థానిక పాలక మండలి (కౌన్సిల్) కట్టించి పేదలకు అద్దెకిచ్చిన ఫ్లాటునీ అదే జాబితాలో పెట్టింది. నగరవాసికి మంచి కట్టడానికీ చెడ్డ కట్టడానికీ తేడా తెలిస్తేనే మంచి నగరం కావాలని అడగగలడన్నది దాని నమ్మకం. ఇప్పుడు న్యూయార్క్, డబ్లిన్, మెల్‌బోర్న్, షికాగో, బార్సిలోనా వంటి ఎన్నో నగరాల్లో ఇదే పేరుతో ఇలాంటి కార్యక్రమాలు నడుస్తున్నాయి.

ఆ నమ్మకం ఎంత నిజమో తెలియాలంటే ఒకటి రెండు ఇళ్ల దగ్గర ఆగాలి. ఉత్తర లండన్‌లోని అలెగ్జాండ్రా రోడ్ ఎస్టేట్‌ను కామ్‌డెన్ కౌన్సిల్ కోసం నీవ్ బ్రౌన్ రూపొందించాడు. 1970లలో కట్టిన ఆ 520 ఇళ్లు మెట్లు మెట్లుగా పైకి లేచే కాంక్రీటు వరుసల్లో ఉంటాయి. రైలు పట్టాల చప్పుడుకు వెనుక వరుస అడ్డుగోడలా వీపు పెట్టి నిలబడుతుంది. ఖర్చు అంచనాలు దాటిపోయి విచారణ జరిగింది, బ్రౌన్‌కు బ్రిటన్‌లో మళ్లీ కట్టే అవకాశం రాలేదు. దూరం నుంచి చూసినవాడికి అది కాంక్రీటు గుట్టే. ఓపెన్ హౌస్ రోజున అక్కడ కాపురముండేవాళ్లే తలుపు తీసి లోపలికి పిలిస్తే కథ మారుతుంది. ప్రతి ఇంటికీ ఆరుబయట కూర్చునే సొంత జాగా ఉందని వాళ్లే చూపిస్తారు, అక్కడ మొక్కలు ఎలా పెరిగాయో చూడమంటారు. వేడి గొట్టాలు గోడల్లోనే ఉన్నందున మేకు కొట్టాలంటే భయమన్న సంగతీ వాళ్లే చెబుతారు. ఆర్కిటెక్చర్ పత్రికలు ఈ రెండో మాట రాయడం అరుదు. ఇంటి మంచీ చెడూ కలిపి చెప్పగలిగేది అందులో బతికినవాడే.

లండన్‌లోనే లూయిషామ్‌లోని వాల్టర్స్ వే అనే వీధి ఇంకా తేటగా చెప్పే ఉదాహరణ. మామూలు పద్ధతిలో కట్టడానికి పనికిరాదనుకున్న ఏటవాలు స్థలాన్ని కౌన్సిల్ ఇచ్చింది. వాల్టర్ సెగల్ రూపొందించిన విధానంలో, ఇటుక పని, తడి పూత లేకుండా, కలప చట్రాలకు బజారులో దొరికే కొలతల పలకలు బిగించి, 1980లలో కుటుంబాలు తమ 13 ఇళ్లను తామే కట్టుకున్నాయి. అవసరం వచ్చినప్పుడు గోడ జరిపారు, గది చేర్చారు. ఆ వీధి ఓపెన్ హౌస్‌కు తెరుచుకున్నప్పుడు వచ్చినవాళ్లకు అర్థమయ్యేది ఒక వాస్తుశిల్పి గొప్పతనం కన్నా ఒక సాధ్యత: తగిన విధానం అందితే మేస్త్రీ పని తెలియని మనుషులు కూడా ఇల్లు కట్టుకోగలరు. రాజప్రాసాదం చూసి బయటికొస్తే ఆశ్చర్యం మిగులుతుంది. ఇలాంటి ఇల్లు చూసి వచ్చినవాడు, మా వీధిలో ఇది ఎందుకు లేదని అడుగుతాడు. నగరాన్ని మార్చే శక్తి ఈ ప్రశ్నకే ఉంది.

ఇలా ఇళ్లు తెరవడంపై గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, పేదల ఇళ్లు చూడటానికి ఉన్నవాళ్లు రావడం వినోదమేనన్నది. పందొమ్మిదో శతాబ్దపు చివర లండన్ తూర్పు వాడలకు సంపన్నులు పేదరికం చూడటానికే వెళ్లేవారు. ఆ మచ్చ ఇంకా ఉంది. ఇళ్లకు పేరొస్తే ధర పెరిగి పాత కాపురస్థులను వెళ్లగొడతారన్నది దీనికి తోడు వచ్చే వాదన. లండన్‌లో ఎర్నో గోల్డ్‌ఫింగర్ కట్టిన ఫ్లాట్ల భవనం బాల్‌ఫ్రన్ టవర్ ఇందుకు సాక్ష్యం. ఇళ్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలని 1968లో గోల్డ్‌ఫింగర్ భార్యతో కలిసి అందులో సుమారు రెండు నెలలు కాపురముండి, ఇరుగుపొరుగును పిలిచి అడిగాడు. ఆ ఫ్లాటునే 2014లో ఆనాటి సామానుతో అలంకరించి సందర్శకులకు చూపారు. అప్పటికే మరమ్మతుల పేరుతో పాత కాపురస్థులను ఖాళీ చేయిస్తున్నారు. తర్వాత ఆ ఫ్లాట్లను ప్రైవేటుగా అమ్మకానికి పెట్టారు. ఈ విమర్శను తోసిపుచ్చలేం. అయితే అది ఏం రుజువు చేస్తోందో కూడా చూడాలి. అక్కడ తలుపు తీసింది కాపురమున్నవాళ్లు కాదు. కాపురస్థుడు లేని ఇంటి ప్రదర్శన అమ్మకపు కొట్టుకు దగ్గరవుతుంది, కాపురస్థుడే పిలిచిన ఇంట్లో సందర్శకుడు అతిథి అవుతాడు. పిలిచే హక్కు, వద్దనే హక్కు రెండూ ఇంట్లో ఉండేవాళ్ల చేతిలో ఉండాలన్నదే ఈ ఉదంతం నేర్పే పాఠం.

రెండో అభ్యంతరం, ఇల్లు సొంత వ్యవహారం, ముక్కూమొహం తెలియనివాళ్లను రానివ్వడమేమిటన్నది. గృహప్రవేశం రోజున వంటింటి నుంచి డాబా దాకా తిప్పి చూపించే తెలుగువారికి ఇల్లు చూపడంలో మొహమాటం లేదు. కానీ అక్కడికి వచ్చేది బంధువులూ, స్నేహితులూ, తోటి ఉద్యోగులూ. శుభలేఖ అందినవారే వస్తారు. ఓపెన్ హౌస్ కోరేది అంతకంటే కష్టమైన పని. అందుకే అది ఎవరి మీదా రుద్దినది కాదు. చాలా ఇళ్లకు ముందే పేరు నమోదు చేసుకోవాలి, చిన్న చిన్న బృందాలుగా వెళ్లాలి. ఇదీ వడపోతే కదా అనవచ్చు. కాదు. వాల్పోల్ టికెట్టు అడిగింది నువ్వెవరని, ఈ నమోదు అడిగేది ఎన్ని గంటలకు వస్తావని. మొదటిది హోదాను కొలిచింది, రెండోది గదిలో ఎందరు పడతారో చూస్తుంది.

మూడోది, ఇరవై నిమిషాలు చూస్తే ఏం తెలుస్తుందన్నది. ఒక్క ఇంటిలో ఎక్కువ తెలియదన్నది నిజం. ఈ కార్యక్రమం ఇళ్లను కాపాడిందని కూడా తొందరపడి అనకూడదు. అలెగ్జాండ్రా రోడ్‌కు 1993లో వచ్చిన చట్టరక్షణ, యుద్ధానంతర కౌన్సిల్ ఎస్టేట్లలో మొదటిసారి దానికే దక్కింది. ఓపెన్ హౌస్ అప్పటికి పుట్టి ఏడాదే, కాబట్టి ఆ ఘనత దానిది కాదు. దాని పని నెమ్మదైనది. పది ఇళ్లు చూసినవాడికి పోల్చడం వస్తుంది. కిటికీ ఏ దిక్కున ఉంటే ఎంత వెలుగు వస్తుందో, వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీస్తే ఏమవుతుందో, మెట్లు ఎక్కడ పెడితే జాగా కలిసొస్తుందో తెలుస్తుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. జీవితంలో ఒక్కసారి చేసే ఈ పనికి ముందు నేర్చుకునే చోటు మరెక్కడుంది?

ఈ ప్రశ్న మన నగరాలకు బాగా తగులుతుంది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో ఫ్లాటు కొనేవాళ్లు చూసేది రంగుల బ్రోచరు, ఎవరూ కాపురముండని మోడల్ ఫ్లాటు. అందులో గాలి ఆడుతుందా, వానాకాలం బట్టలు ఎక్కడ ఆరేస్తారు, ముసలివాళ్లు బాత్‌రూమ్‌కు ఎలా వెళ్తారు అన్నది అమ్మేవాళ్లు చెప్పరు. మరోవైపు మన వారసత్వ చర్చ దేవిడీలూ మహళ్ల చుట్టూనే తిరుగుతోంది. హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవంతిని కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేయడం మంచి పరిణామం. అయితే 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మామూలు జనం కోసం కట్టిన ఇళ్ల గురించి, హౌసింగ్ బోర్డు కాలనీల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒక ఇంటి పథకం ఎలా పుట్టిందో, అందులో మూడు తరాలు ఏం మార్చుకున్నాయో చెప్పగలిగేవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అహ్మదాబాదులో 1997 నుంచి సాగుతున్న వారసత్వ నడక అక్కడి పోళ్లను, అంటే పాతనగరపు ఇరుకు వాడలను, నగరవాసులకు మళ్లీ పరిచయం చేసింది. మనమూ వీధి దాకా వెళ్లగలం. గుమ్మం దాటాలంటే మాత్రం లోపలివాళ్లు పిలవాలి.

అందుకే మన నగరాల్లో ఎవరైనా ఇలాంటి వారాంతం తలపెడితే జాబితాను కోటల నుంచీ మహళ్ల నుంచీ మొదలుపెట్టకూడదు. బోర్డు కాలనీలో రెండు గదుల ఇల్లు, పాత పెంకుటిల్లు, గాలి బాగా ఆడే మధ్యతరగతి ఫ్లాటు ముందుండాలి. అద్దెకున్నవాళ్ల అనుభవానికి సొంతదారు అనుభవంతో సమానమైన చోటు ఇవ్వాలి. మూడు వందల ఏళ్లలో ఇల్లు చూపే ఆనవాయితీ హోదా నుంచి అభిరుచికి, అక్కడి నుంచి దానానికి, చివరికి పౌరుల చదువుకు చేరింది. మళ్లీ ఘనమైన భవనాల దగ్గరే ఆగిపోతే ఆ ప్రయాణాన్ని వెనక్కి తిప్పినట్టే అవుతుంది.